‘వాడు’ అనాలా, ‘ఆమె’ అనాలా? హాంకాంగ్ సినిమాకి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తూ ఆగిపోయాను

మ్యాట్నీ_మాధవి
మూడు వారాల నుంచి ఒకే సినిమా మీద కూర్చున్నాను. 1994లో వచ్చిన కాంటనీస్ (హాంకాంగ్‌లో మాట్లాడే చైనీసు) సినిమా, ఇంగ్లీషులో ‘హీజ్ ఎ ఉమన్, షీజ్ ఎ మ్యాన్’ అని విడుదలైంది. దర్శకుడు పీటర్ చాన్. లెస్లీ చ్యూంగ్, అనీటా యుయెన్, కరీనా లావ్ ముఖ్య పాత్రలు.

చూడనివాళ్ల కోసం కథ. వింగ్ అనే మామూలింటి అమ్మాయికి రోజ్ అనే గాయని అంటే ప్రాణం. రోజ్‌ని తయారు చేసింది శామ్, ఆమె ప్రియుడు కూడా అతనే. ఈసారి ఎవరో ఒక మామూలు కుర్రాణ్ణి పట్టుకొచ్చి స్టార్‌ని చేస్తానని శామ్ పోటీ పెడతాడు. రోజ్‌ని దగ్గర నుంచి చూడొచ్చన్న ఆశతో వింగ్ మగవేషం వేసుకుని వెళ్తుంది. చివరికి ఎంపికయ్యేది ఆ ‘కుర్రాడే’. తర్వాత శామ్ మనసు ఆ కుర్రాడి వైపు లాగడం మొదలవుతుంది. నాకేమైంది అని అతను బెంబేలెత్తిపోతాడు.

ఇది మా అమ్మకి చూపించాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదివేలోపు ఆవిడకి సీను దాటిపోతుంది. అందుకని డీవీడీ దగ్గర పెట్టుకుని తెలుగులో రాస్తున్నాను. దాదాపు సగం అయింది. ఆగింది ఎక్కడంటే, కాంటనీస్‌లో అతను, ఆమె రెండిటికీ ఒకటే మాట, ‘ఖొయ్’. క్రియలో కూడా తేడా ఉండదు. మనకేమో నోరు తెరిస్తే వచ్చాడు, వచ్చింది. వింగ్ గురించి ఎవరు మాట్లాడినా తెలుగు నన్ను నిలదీస్తోంది, మగా ఆడా తేల్చు అని. ఎవరైనా దారి చెప్పండి.

రెండో_ఆట
ఇందులో చిక్కేముంది? వింగ్ ఆడపిల్లని చూసేవాళ్లకి మొదటి నుంచీ తెలుసు. తెలియనిది శామ్‌కి. అతను మగవాడనుకుంటున్నాడు కాబట్టి ‘వాడు’ అంటాడు. తెలిసినవాళ్లు ‘అది’ అంటారు. అయిపోయె.

మ్యాట్నీ_మాధవి
@రెండో_ఆట నేనూ మొదట అలాగే రాసుకుపోయాను. మొదటి అరగంట బాగానే ఉంది. పియానో దగ్గర ఇద్దరూ కలిసి పాట కట్టే సీను తర్వాతే తేడా కొట్టింది. అప్పటి నుంచి శామ్‌కి తన మీద తనకే నమ్మకం లేదు. కాంటనీస్‌లో ‘ఖొయ్, ఖొయ్’ అంటూ ఆ అయోమయంలోనే ఈదుతుంటాడు, ఆ మాట అతన్ని ఏమీ అడగదు. నా తెలుగులో మాత్రం ప్రతి వాక్యం చివర ‘డు’ మేకులా దిగుతోంది. పాడాడు, నవ్వాడు, వెళ్లిపోయాడు. మనిషి తేల్చుకోలేక నలిగిపోతుంటే వ్యాకరణం ముందే తేల్చేస్తోంది.

పాత_రీలు
అదే కదా మజా? ‘డు’ అన్నప్పుడల్లా అతను పొరపడుతున్నాడని గుర్తొచ్చి నవ్వొస్తుంది. తెలుగులో హాస్యం ఒక పాలు ఎక్కువే పండుతుంది.

మ్యాట్నీ_మాధవి
నవ్వొస్తుంది, కాదనను. కానీ ఆ సీన్లలో నవ్వుతో పాటు గుండె కూడా పట్టేయాలి. నవ్వు మిగిలి రెండోది పోతోంది.

డబ్బింగ్_గది
పదకొండేళ్లుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నా. ఇలాంటివి తగిలినప్పుడు నేను వాడే దారులు చెప్తా.

వ్యతిరేక భూతకాలంలో లింగం లేదు. ‘రాలేదు, తినలేదు, చెప్పలేదు’ అన్నీ ఇద్దరికీ చెల్లుతాయి. శామ్ చేత ‘నిన్న రాలేదేం’ అనిపించు, ఎవరు అన్న గొడవే రాదు.

రెండోది, వాక్యాన్ని తిప్పెయ్యి. ‘వింగ్ పాడాడు’ బదులు ‘పాడింది వింగే’. ఈ ‘పాడింది’కి ఆడా మగా లేదు. ‘పాట రాసింది మా నాన్న’ అనమూ?

గౌరవ వాచకం ‘వచ్చారు’ కూడా ఉంది కానీ శామ్ ఆ పిల్లని మన్నిస్తూ మాట్లాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. మేనేజర్లు, విలేకరుల నోట పెట్టుకో.

ఒక్క జాగ్రత్త. ‘పాడలేదు’ అంటే ‘నిన్న పాడలేదు’ అనే అర్థంలో ఇద్దరికీ సరే. ‘పాడే శక్తి లేదు’ అనే అర్థంలో అయితే ఆడవాళ్లకే, మగవాడైతే ‘పాడలేడు’. వింగ్‌కి సరిగ్గా పాడటం రాదు కాబట్టి ఈ గుంటలో నువ్వు తప్పకుండా పడతావు.

మ్యాట్నీ_మాధవి
@డబ్బింగ్_గది అన్నా, పడిపోయాను కూడా! ఇప్పుడే వెతికితే రెండు చోట్ల దొరికింది. దండం.

వరంగల్_వాణి
మా దిక్కు అచ్చిండు, అచ్చింది. గొడవ గదే. గని ఒకటి చెప్త. వింగ్ తోటి ఒకటే ఇంట్ల ఉండే దోస్తు ఉంటడు గద, చేపల పేరుతోని పిలుస్తరు, జోర్డన్ చాన్ ఏసిండు. ఆయనకు పిల్ల అని ఎరుకే. మందిల ఉన్నప్పుడు ఎట్ల పిలవాలె అన్నది నీకు తిప్పలు అయితది. ‘రా’ పెట్టు. మన తాన దోస్తులు ఆడపిల్లను సుత ‘ఏంరా, తిన్నవా’ అంటరు. ఇంట్ల అన్నా, బయట అన్నా ఒకటే. ఎవ్వలకు అనుమానం రాదు.

గోదారి_గట్టు
మా ఇంట్లో మా చెల్లిని మా నాన్న ఇప్పటికీ ‘ఏరా నాన్నా’ అనే అంటాడు. దానికి ఇద్దరు పిల్లలు.

మ్యాట్నీ_మాధవి
వాణీ, ఇది భలే కుదిరింది. మగవాడిలా నడవడం నేర్పేది, ప్యాంటులో వెలుగు కడ్డీలు (గ్లో స్టిక్స్) దోపమనే సలహా ఇచ్చేదీ ఆ చేపల బాబే. అంత చనువుకి ‘రా’ తప్ప ఇంకోటి అతకదు.

లలితా_టీచర్
తెలుగు చెప్తాను కాబట్టి ఒక మాట. మనం మగ, ఆడ అని విడదీస్తున్నామనుకుంటాం గానీ తెలుగు క్రియ విడదీసేది అలా కాదు. ఏకవచనంలో మగవాడు ఒక పక్క, తక్కినదంతా ఒక పక్క. అమ్మాయి వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. అన్నిటికీ ఒకటే ‘ది’. బహువచనంలోకి వెళ్తే స్త్రీలు లేచి పురుషుల పక్కన కూర్చుంటారు: అమ్మాయిలు వచ్చారు, పిల్లులు వచ్చాయి. చిన్నయసూరి వ్యాకరణం స్త్రీలను ఏకవచనంలో అమహత్తులతో (జంతువులు, వస్తువులతో), బహువచనంలో మహత్తులతో (పురుషులతో) కలపడం ఇదే.

అందుకే డబ్బింగ్_గది చెప్పిన ‘పాడింది వింగే’ మీద నాదొక అనుమానం. వినేవాళ్ల చెవికి అందులోని ‘ది’ ఆడదానిలాగే తగలదా?

డబ్బింగ్_గది
తగలదు మేడమ్. ‘కప్పు కొట్టింది మనవాడే’ అంటే ఎవరూ తడబడరు కదా. వాక్యం కొసన ‘ది’ వచ్చి ఆగిపోతే తగులుతుంది. మధ్యలో ఉంటే జారిపోతుంది.

లలితా_టీచర్
సరే, ఒప్పుకుంటున్నాను.

కౌలూన్_కిరణ్
పన్నెండేళ్లుగా హాంకాంగ్‌లో ఉంటున్నా. ఇక్కడివాళ్లు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు హీ, షీ తారుమారు చేస్తుంటారు, బాగా చదువుకున్నవాళ్లు కూడా. మా టీమ్‌లో ఒకావిడ తన అత్తగారి గురించి చెప్తూ ఒకే వాక్యంలో రెండూ వాడింది. అత్తగారా మామగారా అని నేను అడిగితే, అంతసేపూ నాకు అర్థం కాలేదని ఆవిడే ఆశ్చర్యపోయింది. వాళ్ల భాషలో ఆ గీత లేదు.

రాతలో మాత్రం ఉంది. చైనీసులో ఆడవాళ్లకి వేరే అక్షరం 1920 ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చింది, లియు బన్‌నోంగ్ అనే కవి చలవ. చైనా అధికార భాష మాండరిన్‌లో పలకడం మళ్లీ ఒకటే, ‘థా’. కాబట్టి హాంకాంగ్ ప్రింటు మీద చైనీసు సబ్‌టైటిళ్లు వేసినాయనకీ మాధవి బాధ కొంత తప్పలేదు. నోరు దాచినదాన్ని రాత బయటపెడుతుంది.

అసలు పేరు కూడా చెప్పాలి. కాంటనీస్‌లో ‘గమ్ జీ యుక్ యిప్’. బంగారు కొమ్మ, పచ్చరాతి ఆకులు అని. రాజవంశంలో పుట్టినవాళ్లనీ, అపురూపంగా పెరిగినవాళ్లనీ అలా అంటారు. అందులో మగా లేదు, ఆడా లేదు. ఇంగ్లీషు పేరు కథంతా గుమ్మంలోనే చెప్పేసింది.

గోదారి_గట్టు
‘బంగారు కొమ్మ’ అని తెలుగులో పెట్టేయ్ మాధవీ. విన్నవాళ్లు మళ్లీ అడుగుతారు.

పాత_రీలు
అందరూ ముద్దు చేస్తున్నారు కాబట్టి గుచ్చుకునే మాట నేనే అంటాను. శామ్ ఒక మగవాణ్ణి ప్రేమించానని గంటన్నర నలిగాడు. చివరికి ఆ మగవాడు ఆడపిల్ల అని తేలి కథ సుఖంగా ఒడ్డెక్కింది. అంటే అంత ధైర్యం చేసినట్టు కనిపించి, అసలు లోతుకి దిగలేదు. నిజంగానే వింగ్ అబ్బాయి అయ్యుంటే ఏం చేసేవాడు శామ్? ఎరిక్ త్సాంగ్ వేసిన ‘ఆంటీ’ పాత్ర ఉంది కదా, స్వలింగ ప్రేమికుడని అందరికీ తెలిసిన మనిషి. అతని జీవితం మీద సినిమాకి ఎంత ధ్యాస ఉంది? నవ్వులకీ సలహాలకీ వాడుకున్నారు.

రెండో_ఆట
కాలం చూసి మాట్లాడాలి. హాంకాంగ్‌లో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని చట్టం మారింది 1991లో. సినిమా వచ్చింది మూడేళ్లకి. మన దగ్గర అదే నేరమన్న 377వ సెక్షన్ సంగతి తేలడానికి 2018 పట్టింది. కుటుంబంతో కలిసి చూసే నవ్వుల సినిమాలో అగ్ర హీరో ఈ ప్రశ్న వేసుకోవడమే ఎక్కువ.

వేషం మార్చుకున్న మనిషిని చూసి కంగారు పడటం మనకీ కొత్త కాదు. బృహన్నలని చూస్తూ పెరిగినవాళ్లం. స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికొస్తే ఆడవాళ్లు ఆయన కట్టూబొట్టూ చూసి నేర్చుకునేవాళ్లని మా తాతయ్య చెప్పేవాడు.

కౌలూన్_కిరణ్
హాంకాంగ్‌కీ ఆ వారసత్వం ఉంది. కాంటనీస్ ఒపెరాలో యామ్ కిమ్-ఫాయ్ అని మగవేషాలు వేసిన మహానటి. నాయిక వేషం వేసే పాక్ సుయెట్-సిన్ పక్కన ప్రియుడిగా నిలబడితే ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకున్నారు. మా పక్క ఫ్లాట్ బామ్మ గదిలో ఆ ఇద్దరి ఫొటో దేవుడి పటం పక్కనే ఉంటుంది.

పాత_రీలు
@రెండో_ఆట రంగం మీద వేషం కట్టినవాడికి తెర దించగానే వేషం పోతుంది. శామ్ బాధ వేషం గురించి కాదు, తన గురించి. అందుకే నా పట్టు నేను వదలను.

కౌలూన్_కిరణ్
@పాత_రీలు మీ మాట కొట్టెయ్యను. కానీ శామ్ వేసింది లెస్లీ. ముందు సంవత్సరమే, 1993లో, ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’లో ఆడపాత్రలు వేసే పెకింగ్ ఒపెరా నటుడిగా ప్రపంచాన్ని ఊపేశాడు. వెంటనే దీంట్లో, మగవాడి మీద మనసు పడ్డానేమోనని వణికే మనిషి. తర్వాత 1997 నాటి కచేరీల్లో, నిండిన స్టేడియంలో ‘చందమామే నా మనసుకి సాక్ష్యం’ అనే అర్థం వచ్చే పాత పాటని తన తల్లికీ, జీవిత భాగస్వామి డాఫీ టోంగ్‌కీ అంకితమిచ్చాడు. ఇదంతా తెలిసి చూస్తే అతని కళ్లలో కంగారు నటనలాగే ఉండదు.

2003 ఏప్రిల్ 1న పోయాడు. ఏటా ఆ రోజు ఇక్కడ సెంట్రల్ అనే పేటలో రోడ్డు పక్కన పూలు పేరుస్తారు. నేను ఆఫీసుకి వెళ్లే దారే. మొదటి ఏడు కొత్తవాణ్ణి, ఎవరైనా పెద్దమనిషి ఈమధ్యే పోయారేమో అనుకున్నా. తెల్ల లిల్లీలు, ఫొటోలు, చేత్తో రాసిన ఉత్తరాలు. ఇరవై ఏళ్లు నిండని పిల్లలు కూడా వంగి పెడుతున్నారు. వాళ్లు పుట్టేనాటికి ఆయన లేడు.

వరంగల్_వాణి
కండ్లల్ల నీళ్లచ్చినయ్ అన్నా.

గోదారి_గట్టు
అనీటా యుయెన్ గురించి ఎవరూ ఎత్తరేం? 1990లో మిస్ హాంకాంగ్ ఆవిడ. అంత అందగత్తె జుట్టు కత్తిరించుకుని, భుజాలు వంచి, జేబుల్లో చేతులు పెట్టుకుని నడుస్తుంటే నిజంగా వీధి చివరి కుర్రాడే. 1994, 1995 రెండేళ్లూ వరసగా హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి. రెండోది ఈ సినిమాకే.

డబ్బింగ్_గది
మాధవీ, పాటని ఏం చేస్తున్నావు? ‘జుయ్’, వెంటాడటం అని అర్థం. డిక్ లీ బాణీ, లిన్ షీ రాత. దానికీ ఆ ఏడు ఉత్తమ సినీగీతం అవార్డు వచ్చింది. కిందన తెలుగు వేస్తున్నావా?

మ్యాట్నీ_మాధవి
వేసి తీసేశాను. చదువుతూ కూర్చుంటే లెస్లీ గొంతు వినపడట్లేదు. పాట మొదట్లో ఒక్క వాక్యం భావం ఇచ్చి వదిలేశాను.

ఇప్పుడు అసలు గండం. ఆఖరున శామ్ అంటాడు, నువ్వు మగైనా సరే ఆడైనా సరే, నాకు తెలిసింది ఒక్కటే అని. ఆ ఒక్కటీ ‘జుంగ్ యీ’. ఇంగ్లీషు వాళ్లు లవ్ అనేశారు. నేను ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని రాసి నాలుగు రోజులైంది. నచ్చట్లేదు.

కౌలూన్_కిరణ్
జుంగ్ యీ అంటే ఇష్టం. రొయ్యల కుడుములు ఇష్టం అన్నా అదే మాట, పిల్ల నచ్చింది అన్నా అదే. ప్రేమకి ‘ఓయ్’ అని వేరే ఉంది గానీ ఇక్కడ ఇళ్లలో ఆ మాట నోట రావడం అరుదు, పాటల్లోనే ఎక్కువ.

రెండో_ఆట
ప్రేమే ఉంచాలి. రెండు గంటలు కూర్చున్న ప్రేక్షకుడికి కొసకి ‘ఇష్టం’ చేతిలో పెడితే చప్పబడిపోతుంది.

వరంగల్_వాణి
‘ప్రేమిస్తున్న’ అని మనింట్ల ఎవలు అన్నరే ఎన్నడన్న? మా ఆయన ‘నువ్వంటే ఇష్టం’ అనే అన్నడు. పదిహేనేండ్లాయె.

లలితా_టీచర్
నేను ఇష్టం వైపే. దానికి వ్యాకరణ కారణం కూడా ఉంది, ఇప్పుడే తట్టింది. ‘శామ్‌ని ప్రేమించింది’ అంటే క్రియ మనిషిని పట్టుకుంటుంది. ‘తనకి శామ్ అంటే ఇష్టం’ అంటే పట్టుకోదు. తెలుగులో లోపలి సంగతులు చాలావరకు ‘కి’ తోనే చెప్తాం. తనకి ఆకలేస్తోంది, తనకి భయం, తనకి తెలుసు, తనకి గుర్తొచ్చింది, తనకి ఇష్టం. ఒక్కదానిలోనూ ఆడా మగా లేదు. చేసే పనులకే ‘డు’లూ ‘ది’లూ. మనసులో జరిగేవాటిని ఇలా ‘కి’ తో చెప్తే అవి రావు.

ఇక ‘నువ్వు’ సంగతి అడగనే అక్కర్లేదు. వచ్చావు, నవ్వావు, వెళ్లిపోయావు. ఎదురుగా ఉన్న మనిషికి తెలుగు ఎప్పుడూ లింగం అడగలేదు.

డబ్బింగ్_గది
పదకొండేళ్లలో నాకు ఇది ఒక్కసారి కూడా తట్టలేదు మేడమ్.

పాత_రీలు
ఇది బాగుంది. సినిమా మీద నా అభిప్రాయం మారలేదు గానీ, ఇది మాత్రం చాలా బాగుంది.

మ్యాట్నీ_మాధవి
టీచర్‌గారి పోస్టు చదివి రాత్రి రెండింటిదాకా మళ్లీ మొదటి నుంచి దిద్దాను. చేసింది ఇదీ.

పియానో సీను దాకా శామ్ ‘వాడు’ అంటాడు, వచ్చాడు, పాడాడు, అన్నీ మామూలే. ఆ సీను తర్వాత శామ్ నోట ‘డు’ రాదు. ‘తనకి’, ‘తనంటే’, ‘రాలేదు’, ‘పాడింది వింగే’. ఎక్కడా ఎత్తి చూపించలేదు. చేపల బాబుకి మొదటి నుంచి చివరిదాకా ‘రా’. ఆఖరి వాక్యం: ‘నువ్వు మగైనా, ఆడైనా, నాకు తెలిసిందల్లా ఒక్కటే. నువ్వంటే నాకిష్టం.’ రెండు వరుసల్లో సరిపోయింది. టీవీలో ఒత్తులు చితికిపోకుండా అక్షరం సైజు పెంచాను.

రెండో_ఆట
సరే, రాసినది చదివాక ‘ఇష్టం’కి ఓటేస్తున్నా. అమ్మగారికి చూపించాక చెప్పు.

మ్యాట్నీ_మాధవి
ఆదివారం తెనాలి వెళ్లి చూపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. పావుగంటకి చేతులు ఆగిపోయాయి. వింగ్ ఆడపిల్లని తెలిసి కూడా అమ్మ సినిమా అంతా ‘వీడు’ అనే అంది. ‘వీడేంటే తిండి లేనట్టు ఇంత సన్నగా ఉన్నాడు’ అని రెండుసార్లు. నేను దిద్దబోయాను, ‘నాకు తెలుసులే’ అంది.

ఆఖరి సీనులో ఏం మాట్లాడలేదు. అయిపోయాక అడిగింది, ‘మరి ఆ రోజ్ పిల్ల గతేంటి? ఇన్నేళ్లు పాడింది కదా అతని కోసం’ అని. నా దగ్గర జవాబు లేదు. ఇన్ని వారాల్లో రోజ్ గురించి నేను అంతగా ఆలోచించనే లేదు.

గోదారి_గట్టు
అమ్మలు అక్కడే పడతారు. మా అమ్మ కూడా ఏ ప్రేమ కథ చూసినా వదిలేసినవాళ్ల గురించే అడుగుతుంది.

కౌలూన్_కిరణ్
1996లో రెండో భాగం వచ్చింది, గాయని, నటి అనీటా ముయ్ కూడా ఉంది. అది కూడా చేస్తావా?

మ్యాట్నీ_మాధవి
చిక్కుడుకాయల సీజను అయ్యాక చూద్దాం.

డబ్బింగ్_గది
నువ్వు పంపిన ఫైలు మొత్తం చదివా. చాలా శుభ్రంగా ఉంది. 74వ నిమిషం దగ్గర మాత్రం ఒక ‘వెళ్లిపోయాడు’ మిగిలిపోయింది, చూసుకో.

మ్యాట్నీ_మాధవి
చూశాను అన్నా. అక్కడ మాట్లాడేది శామ్ కాదు, రోజ్. ఉండనీ.